హెచ్4 డిపెండెంట్ వీసా మీద వచ్చిన బీఫార్మసీ చెల్లెళ్ళకు: ఫార్మ్‌డీ సీటుకి ఏం చూస్తారంటే

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళ ఫంక్షన్లలో నేను ఫార్మసిస్టునని తెలియగానే ఎవరో ఒకమ్మాయి పక్కన చేరి అడుగుతుంది: "అక్కా, నాదీ బీఫార్మసీయే. ఎఫ్‌పీజీఈఈ రాస్తే సరిపోతుందా?"

సరిపోదమ్మా. ఎఫ్‌పీజీఈఈ అంటే బయటి దేశాల్లో ఫార్మసీ చదివినవాళ్ళు అమెరికాలో లైసెన్సు కోసం రాసే పరీక్ష. దానికి 2003 జనవరి 1 నుంచి పట్టా తీసుకున్నవాళ్ళది కనీసం ఐదేళ్ళ కోర్సు అయ్యుండాలి. మనది నాలుగేళ్ళే. ఇండియాలో ఆరేళ్ళ ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) చేసినవాళ్ళకి ఆ దారి ఉంది. మిగతావాళ్ళు ఇక్కడ ఫార్మ్‌డీ చదవాల్సిందే.

ఇక్కడ ఎంసెట్ ర్యాంకులాంటిదేమీ లేదు. పీక్యాట్ అని ఒక పరీక్ష ఉండేది, 2024 జనవరితో అదీ ఆపేశారు. దాంతో పాత మార్కుల మీద చూపు ఎక్కువైంది. అందులోనూ సైన్సు మార్కులు, ముఖ్యంగా ఆర్గానిక్ కెమిస్ట్రీ. మీ పర్సెంటేజీని మీరే జీపీఏగా మార్చుకోకండి, డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థ చేత మూల్యాంకనం చేయించండి. కొన్ని కాలేజీలు బయటి దేశం కోర్సుల్ని ఒప్పుకోవు, కొన్ని మరీ పాతబడిన సైన్సు కోర్సుల్ని వదిలేస్తాయి. అలాంటప్పుడు దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో మైక్రోబయాలజీ, అనాటమీ, స్టాటిస్టిక్స్ చదువుకోవాలి. పబ్లిక్ స్పీకింగ్ కూడా చాలా చోట్ల అడుగుతారు. మనవాళ్ళకి టెన్షన్ అంతా దానితోనే!

మార్కుల తర్వాత చూసేది, ఫార్మసీ కౌంటర్ వెనక ఎప్పుడైనా నిలబడ్డారా అని. ఈఏడీ, అంటే పని చేసుకునేందుకు అనుమతి కార్డు, ఉంటే టెక్సస్‌లో ఫార్మసీ బోర్డు దగ్గర టెక్నీషియన్ ట్రైనీగా రిజిస్టర్ చేసుకుని ఉద్యోగంలో చేరండి. లేకపోతే ఆసుపత్రిలో వాలంటీరుగా అడగండి. జీతం సంగతి తర్వాత, ఇంటర్వ్యూలో చెప్పడానికి సరుకు ఇక్కడే దొరుకుతుంది.

నేను ప్యానెల్లో కూర్చున్న ఒక సీటు ఇంటర్వ్యూలో ఒకమ్మాయి చెప్పింది నాకు బాగా గుర్తుంది. ఒక పెద్దావిడ రీఫిల్‌కి వచ్చి సంచీలోంచి రెండు సీసాలు తీసిందట. ఒకదాని మీద లిపిటార్, రెండోదాని మీద అటోర్వాస్టాటిన్. రెండూ ఒకటే మందు, ఆవిడ రోజూ రెండూ వేసుకుంటోంది. ఈ అమ్మాయికి విషయం అర్థమైంది, కానీ మందు గురించి సలహా చెప్పే అధికారం టెక్నీషియన్‌కి లేదు. సీసాలు రెండూ పట్టుకెళ్ళి ఫార్మసిస్టు ముందు పెట్టింది. తెలిసింది ఎంత, తన హద్దు ఎక్కడ అన్నవి రెండూ ఆ జవాబులోనే కనిపించాయి. ప్యానెల్లో మేమెవరమూ ఇంకో ప్రశ్న వేయలేదు.

ఎస్సే ఫార్మ్‌క్యాస్ అనే ఉమ్మడి ఆన్‌లైన్ అప్లికేషన్‌లోనే రాయాలి, 4,500 అక్షరాల దాకా. "చిన్నప్పటి నుంచి జనానికి సేవ చేయాలని" అని మొదలుపెడితే చదివేవాళ్ళకి ఆవులింత వస్తుంది. పైన చెప్పినటువంటి సంగతి మీకు జరిగింది ఒక్కటి రాయండి చాలు. గ్యాప్ ఉంటే దాచకండి. పెళ్ళి, వీసా, పాప పుట్టడం... సూటిగా రెండు వాక్యాల్లో చెప్పేస్తే అదేం పెద్ద లోపం కాదు.

సిఫారసు లెటర్ల విషయంలో మాత్రం జాగ్రత్త. మన దగ్గర లెటర్ మనమే టైపు చేసి సారు చేత సంతకం పెట్టించుకోవడం మామూలే. ఇక్కడ లింకు నేరుగా ఆయన ఈమెయిల్‌కే వెళ్తుంది, ఆయనే రాసి పంపాలి. మిమ్మల్ని మర్చిపోయిన ప్రిన్సిపాల్ కంటే మీ పని రోజూ చూసే ఫార్మసిస్టు రాసిందే నయం.

ఇంకోమాట. పదేళ్ళకు పైగా ఫార్మసీకి అప్లికేషన్లు తగ్గుతూ వచ్చాయి, కాబట్టి కొన్ని కాలేజీలు పిలిచి మరీ సీటిస్తాయి. ఊరికే సంతోషపడి డిపాజిట్ కట్టేయకండి. ముందు ఫార్మసీ కోర్సులకు గుర్తింపునిచ్చే ఏసీపీఈ దగ్గర గుర్తింపు ఉందో లేదో చూడండి. ఆ తర్వాత నాప్లెక్స్ లైసెన్సు పరీక్షలో అక్కడివాళ్ళు మొదటిసారే ఎంతమంది పాసవుతున్నారో ఫార్మసీ బోర్డుల జాతీయ సంఘం ఎన్‌ఏబీపీ కాలేజీల వారీగా ప్రకటించే లెక్కల్లో చూడండి. ఒక్క ఏడాది కాదు, వరసగా మూడేళ్ళవి.