కాళ్ల మీద దురద పొక్కులు: ఎక్కడ లేచాయో చూసి మందు రాయండి

కాలువలకు నీళ్లు వదిలి దమ్ములు, ఊడ్పులు మొదలయ్యాయంటే డెల్టాలో కాళ్ల దురదల కాలం వచ్చినట్టే. మందుల షాపులో అడిగితే ఇచ్చే ట్యూబు ఏదైనా రెండు రోజులు హాయిగానే ఉంటుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

వేళ్ల సందుల్లో తెల్లగా నాని, చర్మం ఊడుతోందా?
ముఖ్యంగా చిటికెన వేలి పక్కన అలా ఉంటే చాలావరకు ఫంగసే. అరికాలి వంపులో నీటి పొక్కులుగానూ లేస్తుంది, తరచు ఒక కాలికే ఎక్కువ. పొద్దంతా బురదలో నిలబడినా, రొయ్యల చెరువు గట్టున గంబూట్లలో చెమట పట్టినా ఇదే వరస. క్లోట్రిమజోల్ క్రీము రోజుకు రెండుసార్లు, దాదాపు నాలుగు వారాలు రాయాలి. దురద పోయిందని వారానికే మానేస్తే మళ్లీ వస్తుంది. సందులు పొడిగుడ్డతో తుడవాలి, బూట్లు లోపలిదాకా ఆరాలి.

ట్యూబు మీద క్లోబెటసోల్, బెటామెథసోన్ అని ఉంటే పక్కన పెట్టండి. అవి స్టెరాయిడ్లు. దురదను అణిచి ఫంగస్‌ను పెంచుతాయి. మచ్చ రూపమే మారిపోయి డాక్టరు కూడా పోల్చుకోలేని స్థితి వస్తుంది.

అరికాళ్లలో, వేళ్ల పక్కల సగ్గుబియ్యం గింజల్లా గట్టి పొక్కులా?
అరచేతుల్లోనూ ఉంటే అది ఒక రకం ఎగ్జిమా, అంటే చర్మం వాచి దురదపెట్టే జబ్బు. అంటదు. విచిత్రమేమిటంటే, పైన వద్దన్న స్టెరాయిడే దీనికి మందు. అయితే డాక్టరు చెప్పినన్ని రోజులే. ఇదో ఫంగసో తేడా తెలియకపోతే చర్మం గీరి సూక్ష్మదర్శినిలో చూసే పరీక్ష తేలుస్తుంది.

పైపాదం మీద చెప్పు పట్టీ ఆకారంలోనే పొక్కులా?
చెప్పుల రబ్బరు ఒంటికి పడకపోయి ఉండవచ్చు. చెప్పులు మార్చండి.

మడిలోంచి ఎక్కిన కాసేపటికే చురచురా?
నీళ్లు తగిలినంత మేరే ఎర్ర పొక్కులు లేస్తే, పశువులకూ బాతులకూ ఉండే పరాన్నజీవి పని కావచ్చు. నత్తల నుంచి నీటిలోకి వచ్చిన దాని పిల్లలు చర్మంలో దూరి అక్కడే చస్తాయి. వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. గట్టెక్కగానే కాళ్లు తుడుచుకోవడం మేలు.

రాత్రిళ్లే దురద, ఇంట్లో మరొకరికీ ఉందా?
గజ్జి. పసిపిల్లలకు అరికాళ్లలోనూ లేస్తుంది, వారిని డాక్టరుకు చూపించండి. పెద్దలు 5 శాతం పెర్మెత్రిన్ క్రీము మెడ నుంచి అరికాళ్ల దాకా రాత్రి రాసి పొద్దున కడగాలి. వారం తర్వాత మరోసారి. దురద లేనివాళ్లతో సహా ఇంటిల్లిపాదీ ఒకే రోజు.

వంకరగా గీత పడి రోజూ కాస్త ముందుకు జరుగుతోందా?
కుక్కలు, పిల్లులు మలినం చేసిన ఇసుకలోని పురుగు. నోటిమందు కావాలి, డాక్టరును అడగండి.

షుగరు ఉన్నవారు పొక్కును సూదితో పొడవకూడదు. బోదకాలు ఉన్నవారికి వేళ్ల సందుల్లో చిన్న పగులు చాలు, సూక్ష్మజీవులు దూరి చలిజ్వరంతో కాలు మరింత వాస్తుంది. ఎరుపు పైకి పాకినా, చీము పట్టినా ఆరోజే ఆసుపత్రికి వెళ్లాలి.