ఓవెన్‌లో క్రీమీ నూడుల్స్ – మూడో పాఠం: సాస్ పల్చగానే ఉండనివ్వండి

ఈసారి పుట్టగొడుగులు, పైన వేసే బ్రెడ్ పొడి సంగతి చెప్తానన్నాను. అది వాయిదా. పోయిన పాఠం చూసి వైట్ సాస్ (వెన్నలో మైదా వేయించి పాలు పోసి చేసేది) చేసినవాళ్ళలో చాలామందికి క్యాసరోల్, అంటే ట్రేలో పోసి ఓవెన్‌లో పెట్టే ఈ వంట, చాకుతో కోసుకునేంత గట్టిగా వచ్చిందట. ఏం చేశారని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: సాస్ మరీ నీళ్ళగా ఉందనిపించి ఇంకో రెండు చెంచాల మైదా కలిపారు.

కలపకండి. పావు కిలో నూడుల్స్‌కి 40 గ్రాముల వెన్న, 40 గ్రాముల మైదా, ముప్పావు లీటరు పాలు. గరిటె వెనక సన్నటి పొరలా అంటుకుంటే చాలు. ఉప్మా కాస్త జారుగా ఉండగానే దించేస్తాం కదా, ఇదీ అంతే. నూడుల్స్ ఓవెన్‌లో అరగంట పాటు ఆ పాలను పీలుస్తూనే ఉంటాయి. నూడుల్స్ నుంచి వచ్చే పిండి సాస్‌ను ఇంకా చిక్కబరుస్తుంది. పైగా చీజ్ చల్లారేకొద్దీ బిగుస్తుంది. గిన్నెలోనే చిక్కగా ఉన్న సాస్ ట్రేలో ఇంకేమవుతుంది? కార్న్‌ఫ్లోర్ కలిపినవాళ్ళదీ ఇదే కథ. పల్చగా ఉందని టెన్షన్ పడి స్టవ్ మీద ఇంకో పది నిమిషాలు మరిగించినవాళ్ళదీ ఇదే. నూడుల్స్ కలిపాక ట్రే వంచితే సాస్ ఒక మూలకి జారాలి. జారకపోతే అరకప్పు పాలు పోయండి, మొహమాటపడకండి.

నూడుల్స్‌ని ప్యాకెట్ మీద రాసిన టైమ్‌కి రెండు మూడు నిమిషాల ముందే వార్చేయండి. ఇన్‌స్టంట్ నూడుల్స్ మాత్రం వద్దు. అవి ముందే ఉడికినవి, ముద్దయిపోతాయి. ఎగ్ నూడుల్స్ దొరక్కపోతే మాకరోనీ వాడండి.

ఉండలు కట్టిందా? జల్లెడలో వడకట్టేయండి. పాలు వేడి చేయాలా అంటే, నేను చేయను. ఫ్రిజ్‌లోంచి తీసినవే, మొదటి కప్పు మాత్రం మూడు విడతలుగా పోస్తాను.

చీజ్ వేసే ముందు స్టవ్ ఆపేయండి. మరుగుతున్న సాస్‌లో చెడార్ చీజ్ వేస్తే విరిగి నూనె తేలుతుంది. ప్రాసెస్డ్ చీజ్‌లో అలా కాకుండా ఆపే లవణాలుంటాయి. అందుకే నేను రెండూ చెరో 75 గ్రాములు వేస్తాను.

అమెరికాలో ఉన్నవాళ్ళు వైట్ సాస్ బదులు డబ్బా సూప్ వాడొచ్చా అని అడిగారు. వాడొచ్చు. 1934లో క్యాంప్‌బెల్ కంపెనీ వాళ్ళ క్రీమ్ ఆఫ్ మష్రూమ్ సూప్ వచ్చాక అక్కడ ఎంతోమంది క్యాసరోల్ చేసేది దాంతోనే. అక్కడి మిన్నెసోటా రాష్ట్రంలో ఆ తరహా వంటను హాట్‌డిష్ అంటారు. సూప్‌లో పాలు కలిపి పల్చన చేయండి, ఉప్పు వేయకండి. నాకైతే ఆ డబ్బా రుచి నచ్చదు.

మిగతాది మీకు తెలిసిందే: 180 డిగ్రీలు, ఫాయిల్ కప్పి 20 నిమిషాలు, ఫాయిల్ తీసేసి ఇంకో పది.

అభ్యాసం: సాస్ ఒకేసారి చేసి మూడు చిన్న గిన్నెల్లోకి సమానంగా పంచండి. ఒకదాంట్లో సగం ఉడికిన నూడుల్స్, రెండోదాంట్లో మూడు నిమిషాల ముందు వార్చినవి, మూడోదాంట్లో పూర్తిగా ఉడికినవి కలిపి, మూడూ ఒకేసారి ఓవెన్‌లో పెట్టండి. తీయగానే ఒకసారి, అరగంటయ్యాక మరోసారి తిని చూసి రాసిపెట్టుకోండి. పుట్టగొడుగుల నుంచి ఊరే నీళ్ళ లెక్క ఈ మూడు గిన్నెలు చూసినవాళ్ళకే అర్థమవుతుంది కాబట్టి, నాలుగో పాఠం లోపు ఇది చేసేయండి.