తరగతిని రెండు సెక్షన్లు చేసే ముందు చూడాల్సిన లెక్క

టీచరుకు ఇంతమంది పిల్లలన్న సగటు చూసి తరగతి చిన్నదే అనుకోవద్దు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు. 60 మందికి ఇద్దరంటే కాగితం మీద 30 మందికి ఒకరు. కానీ తరగతులు ఐదు! ఒక్కో టీచరు రెండు మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకోవాలి. అలాంటి బడికి ముందు కావాల్సింది మూడో టీచరు, సెక్షన్ల మాట తర్వాత.

పిల్లల లెక్కకు అడ్మిషన్ రిజిస్టరు చాలదు, హాజరు పట్టీ తీయండి.

ఖర్చులో పెద్ద వాటా జీతానిదే. నెలకు 60,000 అనుకుంటే ఏడాదికి 7.2 లక్షలు. 42 మంది ఒకే సెక్షన్‌లో ఉంటే తలకు సుమారు 17,143 రూపాయలు, 21 చొప్పున విడదీస్తే 34,286. గది, బోర్డు, బల్లలు అదనం.

డబ్బు పరిమితమైతే ఒకటో, రెండో తరగతులకే ముందు ఖర్చు పెట్టండి. అమెరికాలో 1985లో మొదలైన టెన్నెసీ స్టార్ ప్రయోగంలో 13–17 మంది ఉన్న చిన్న తరగతుల పిల్లలు 22–25 మంది ఉన్నవాటి పిల్లల కంటే చదవడంలో, లెక్కల్లో ముందున్నారు. అదే దేశంలో కాలిఫోర్నియా 1996లో హడావిడిగా తరగతుల్లో పిల్లల సంఖ్య తగ్గించి, శిక్షణ పూర్తికాని వాళ్లను పెట్టుకోవాల్సి వచ్చింది. టీచరు దొరక్కుండా సెక్షన్ తెరవకండి.

విడదీసేటప్పుడు మార్కులు చూడొద్దు, వెనకబడినవాళ్లంతా ఒకే గదిలో పడతారు. పట్టీలో ఒకటి విడిచి ఒకటి పేరు తీయండి. 40 నిమిషాల పీరియడ్‌లో 21 మంది చేత తలా ఒక నిమిషం పైకి చదివించినా, తప్పులు దిద్దడానికి 19 నిమిషాలు మిగులుతాయి. పాత పద్ధతిలోనే బోర్డు మీద రాయించి ఊరుకుంటే పెట్టిన ఖర్చంతా వృథా.