ఇంటి పరిసరాలను మనసుకు అనుకూలంగా మార్చుకోవడం ఎలా?

వేసవిలో కడపలో సాయంత్రమయ్యేసరికి చాలా ఇళ్లలో చిన్న మాటకే కసురుకోవడం మొదలవుతుంది. కసురుకున్న మనిషిని తప్పుపడతామే గాని, పగలంతా ఎండకు కాగి ఆ వేళకు ఇంట్లోకి సెగ వదులుతున్న మిద్దెను ఎవరూ అనుమానించరు. మనసు బాగుండకపోవడానికి కారణాలు అనేకం ఉన్నా, వాటిలో వేడి, వెలుతురు, చప్పుడు, పచ్చదనం కొంతవరకు మన చేతిలో ఉన్నవి.

ముందుగా ఏదీ మార్చకుండా వారం రోజులు గమనించండి. ఒక నోటుపుస్తకంలో రోజుకు మూడుసార్లు, ఎన్ని గంటలకు ఏ గదిలో ఉన్నారో, అక్కడ వేడి, వెలుతురు, చప్పుడు ఎలా ఉన్నాయో, అప్పుడు మనసు ఎలా ఉందో ఒక్కొక్క మాటలో రాసుకోవాలి. వంట చేసేవారు తమ పుస్తకాన్ని తామే రాసుకోవడం మంచిది, ఎందుకంటే పొయ్యి దగ్గరి ఉక్క హాల్లో ఫ్యాను కింద కూర్చున్నవారికి తెలియదు.

తరువాత వేడి సంగతి చూడాలి. మన ప్రాంతంలో అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ కోరేది ఇదే. నిద్ర పట్టాలంటే శరీరం లోపలి ఉష్ణోగ్రత కొంత తగ్గాలి, కానీ బండల మిద్దె అయినా కాంక్రీటు శ్లాబు అయినా పగలు పీల్చుకున్న వేడిని రాత్రి చాలాసేపటి వరకు వదులుతూనే ఉంటుంది కాబట్టి నిద్ర చెడుతుంది, నిద్ర చెడినవారికి మరునాడు కోపాన్నీ దిగులునూ అదుపులో పెట్టుకోవడం కష్టమవుతుంది. అందువల్ల ఉగాదికి ముందే మిద్దె మీద రెండు పూతలు సున్నం కొట్టించండి. తెలుపు ఎండను చాలావరకు వెనక్కి పంపుతుంది. పడమటి కిటికీలకు మధ్యాహ్నం వట్టివేరు తడికలు కట్టి తడుపుతూ ఉండండి. నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుంటుంది కనుక ఏప్రిల్, మే నెలల పొడి ఎండకు ఇది బాగా పనిచేస్తుంది, వానాకాలపు ఉక్కపోతకు మాత్రం పనికిరాదు. రాత్రి ఎదురెదురు కిటికీలు తెరవాలి. పాత ఇళ్లలో మూసేసిన గవాచి (గాలి, వెలుతురు కోసం పైకప్పులో ఉంచిన కంత) ఉంటే దానినీ తెరిస్తే పైకి చేరిన వేడి గాలి బయటికి పోతుంది. కడప బండల మీద చాప వేసుకొని పడుకోవడం నేలను అంటుకొని ఉన్న గదిలోనే చల్లగా ఉంటుంది. మేడ మీది గదిలో పరిచిన బండలకు ఆ చల్లదనం రాదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఎండకు భయపడి తలుపులు, కిటికీలు మూసుకున్న ఇల్లు పగలంతా చీకటిగా ఉంటుంది. కంటి వెనుక పొర మీద పడే ఉదయపు వెలుతురే మెదడులోని గడియారాన్ని సరిచేసి, రాత్రి నిద్రకు వేళ కుదురుస్తుంది. కాబట్టి నిద్ర లేవగానే, ఎండ ముదరకముందే, అరగంటసేపు అరుగు మీదనో మిద్దె మీదనో గడపండి, రాత్రి భోజనం తరువాత ఇంట్లో లైట్లు తగ్గించండి.

చప్పుడు విషయంలో మన వల్ల అయ్యేది తక్కువ. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ (చప్పుడును కొలిచే ప్రమాణం) మించకూడదని 2000 నాటి కేంద్ర ప్రభుత్వ శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. మంచాన్ని వీధి గోడకు దూరంగా జరపడం నేడే చేయగల పని.

పచ్చదనానికి తోట అక్కరలేదు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఉన్న ఒక ఆసుపత్రిలో పిత్తాశయ శస్త్రచికిత్స జరిగిన 46 మంది వివరాలను పోల్చి పరిశోధకుడు రోజర్ ఉల్‌రిచ్ 1984లో ప్రకటించిన ప్రకారం, కిటికీలోంచి చెట్లు కనిపించినవారు ఇటుక గోడ కనిపించినవారికంటే త్వరగా ఇంటికి వెళ్లారు, గట్టి నొప్పి మందులు కూడా తక్కువ తీసుకున్నారు. మీరు ఎక్కువసేపు కూర్చునే చోటికి ఎదురుగా ఒక తులసి, ఒక కలబంద కుండీ పెట్టి, బియ్యం కడిగిన నీళ్లు పోయండి. వారంలో రెండు మూడు సాయంత్రాలు వేపచెట్టు నీడకో, దేవుని కడప చెరువు గట్టుకో వెళ్లగలిగితే ఇంకా మంచిది.

ఈ మార్పులన్నీ ఒకేసారి చేస్తే ఏది ఉపకరించిందో తెలియదు గనుక, ఒక్కొక్కదానికి రెండు వారాలు గడువిచ్చి నోటుపుస్తకంతో పోల్చుకోండి. అప్పటికీ దిగులు, నిద్రలేమి, దేని మీదా ఆసక్తి లేకపోవడం తగ్గకపోతే కారణం ఇంటి గోడల్లో లేదని గ్రహించి, 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ అనే ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ సేవకు 14416 నంబరులో ఫోన్ చేయవచ్చు, లేదా మానసిక వైద్యులను కలవవచ్చు. వెళ్లేటప్పుడు ఆ నోటుపుస్తకం వెంట తీసుకువెళ్లండి.