పాత హీరో ఇంపల్స్ బండి కొంటున్నారా? ఇంజను కంటే ముందు ఇవి చూడండి

నేను చిత్తూరు జిల్లా పలమనేరు చుట్టుపక్కల ఊళ్ళలో గోపాలమిత్రగా, అంటే పశువులకు సూది (కృత్రిమ గర్భధారణ) వేసే పని మీద తిరుగుతాను. వెనక నైట్రోజన్ క్యాను కట్టుకుని మామిడి తోపుల గుంతల్లో, కంకర దారుల్లో వెళ్ళాలంటే నాకు హీరో ఇంపల్స్‌ను మించిన బండి లేదు. 2011లో వచ్చింది. 149.2 సీసీ, ఒకటే సిలిండరు, గాలికి చల్లబడే ఇంజను, కార్బ్యురేటరు. ముందు చక్రం 19 అంగుళాలు. కంపెనీ తయారీ ఆపేసి చాలా ఏళ్ళయింది కాబట్టి ఇప్పుడు దొరికేవన్నీ చేతులు మారిన బండ్లే.

కొనడానికి వెళ్ళిన కుర్రాళ్ళంతా ముందు ఇంజను చప్పుడు వింటారు. నేను దాన్ని చివరికి పెట్టుకుంటాను. హంక్, సీబీజెడ్ ఎక్స్‌ట్రీమ్‌లలో ఉన్న ఇంజను కుటుంబమే ఇది. అరిగిపోయినా బోరింగ్ చేయించి పిస్టన్ కిట్ వేయించుకోవచ్చు, మామూలు మెకానిక్కే చేసిస్తాడు. ట్యాంకు, సైడు ప్యానెళ్ళు, హెడ్‌లైట్ డోము, ముందు ఫోర్కులు మాత్రం పోతే వెతుక్కుంటూ ఊళ్ళు పట్టుకు తిరగాల్సిందే. అలసిన ఇంజను, నిండైన ఒళ్ళు ఉన్న బండి ఒకవైపు, చక్కగా పాడే ఇంజను, విరిగిన ఒళ్ళు ఉన్న బండి ఇంకోవైపు ఉంటే నేను కళ్ళు మూసుకుని మొదటిదే తీసుకుంటాను.

పగటి వెలుతురులోనే చూడండి. ముందు బండికి ఎదురుగా కూర్చుని రెండు ఫోర్కులూ సమానంగా ఉన్నాయా, హ్యాండిల్ ఒకవైపు ఒరిగిందా గమనించండి. ఫోర్కు రాడ్డు మీద గోరు పెట్టి పై నుంచి కిందికి గీయండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ తుప్పు గుంట ఉన్నట్టు. ఎన్ని ఆయిల్ సీళ్ళు మార్చినా ఆ గుంట వాటిని కోసేస్తూనే ఉంటుంది. ముందు చక్రం పైకి లేపించి హ్యాండిల్‌ను మెల్లగా తిప్పండి. నడిమధ్యలో టక్కుమని ఆగితే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) పోయింది. అది చిన్న ఖర్చే, బేరానికి పనికొస్తుంది. వెనక చక్రాన్ని పక్కలకు ఊపండి, కదలిక ఉంటే చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ బుష్‌లు కూడా చూడండి. స్పోకులను స్పానరుతో ఒక్కొక్కటిగా తట్టండి. మొద్దుగా మోగినది వదులైంది. హ్యాండిల్ మెడ దగ్గర ఛాసిస్ మీద కొత్త వెల్డింగ్ గానీ, అక్కడొక్కచోటే కొత్త పెయింటు గానీ కనిపిస్తే ధర కూడా అడగకుండా వచ్చేయండి. ట్యాంకు మూత తీసి టార్చి వేయండి, లోపల ఎర్రగా ఉంటే ఆ తుప్పంతా రేపు కార్బ్యురేటరు జెట్లలో ఉంటుంది.

ఇంక ఇంజను. మీరు వెళ్ళేసరికి అది చల్లగా ఉండాలి, చెయ్యి పెట్టి చూడండి. “బండి సూపర్‌గా ఉండాది న్నా, ఇప్పుడే ఒక రౌండు వేసొచ్చినా” అంటే గంట ఆగండి. పొద్దున మొండికేసే బండి కూడా వేడిమీద చక్కగానే స్టార్టవుతుంది. కాసేపు ఐడిల్‌లో ఉంచి ఒక్కసారి రేజ్ చేస్తే నీలం పొగ గుప్పుమని వచ్చి తగ్గిందంటే వాల్వ్ సీళ్ళు అరిగాయి. లోడు మీద లాగుతున్నంతసేపూ వస్తుంటే పిస్టన్ రింగులు అరిగాయి. టాపెట్ చప్పుడు (వాల్వుల దగ్గర టిక్ టిక్) కొద్దిగా వినిపిస్తే కంగారు పడొద్దు. అసలు వినిపించకపోతేనే నాకు అనుమానం, టైటుగా ఉన్న ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిపోతుంది.

కాగితాల దగ్గర మొహమాటం వద్దు. మన జిల్లా పాత బండ్లు ఏపీ 03 సిరీస్. వేలూరు టీఎన్ 23, కోలారు కేఏ 07 బండ్లు చవగ్గా వస్తాయి గానీ, అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తేవాలి, ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ఖర్చు కలుపుకున్నాకే బేరమాడండి. ఫైనాన్స్ ఉంటే అది తీరిందని చూపే ఫారం 35, పేరు మార్పిడికి ఫారం 29, 30 కావాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళే చెల్లుతుంది. 2011 చివర్లో రిజిస్టరైన బండికి 2026 చివరికి గడువు అయిపోతుంది. బండి ఫిట్‌గా ఉంటే ఇంకో 5 ఏళ్ళకు రెన్యూ చేస్తారు. ఛాసిస్ నంబరు చెరిగిపోతే అక్కడే ఇరుక్కుంటారు, కాబట్టి ఆర్‌సీ పక్కన పెట్టుకుని అంకె అంకె సరిచూడండి.

కొన్నాక పాత ఓనరు పోసిన ఆయిల్‌ను నమ్మకుండా వెంటనే మార్చేయండి. మన ఎర్రమట్టి దుమ్ముకు ఎయిర్ ఫిల్టరే ఇంజను ప్రాణం. నూనె పట్టించిన పేపరు ఫిల్టరైతే గాలి కొట్టించి మళ్ళీ వేయొద్దు, కొత్తది వేయండి. వానాకాలంలో సిలిండరు రెక్కల మధ్య బురద ఎండి గట్టిపడుతుంది, గాలి తగలక ఇంజను ఉడికిపోతుంది. ఇంజను చల్లారాక బ్రష్షుతో ఆ బురద తీయండి, వేడిమీద నీళ్ళు కొట్టొద్దు. మొగిలి ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చేయకుండా గేరులోనే దిగండి. కౌండిన్య అడవి అంచు ఊళ్ళకు వెళ్ళేవాళ్ళు బ్యాటరీ, హెడ్‌లైటు బాగుంచుకోండి. ఏనుగులు తిరిగే దారులవి, చీకటి పడకముందే ఇల్లు చేరడం ఇంకా మంచిది.

క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ ఒక్కోటి స్పేర్ పెట్టుకోండి. సైడు ప్యానెల్ గానీ, హెడ్‌లైట్ డోము గానీ ఏ పాత సామాన్ల కొట్లోనైనా కంటబడితే, మీది బాగానే ఉన్నా సరే, ఆ రోజే కొనేయండి.