సియామీస్ పిల్లిని తెచ్చుకునే ముందు, తెచ్చుకున్నాక

సియామీస్ పిల్లి కావాలని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది ఒకటే, పగలంతా మీ ఇంట్లో ఎవరుంటారు అని. పొద్దున తాళం వేసి రాత్రి ఎనిమిదికి తాళం తీసే ఇల్లయితే ఒక్కదాన్ని మాత్రం తేవద్దు, తెస్తే జతగా రెండు తెచ్చుకోండి లేదంటే వేరే జాతి చూసుకోండి. ఈ పిల్లికి ఒంటరితనం అస్సలు పడదండి, దిగులు పెట్టుకుంటే తిండి తగ్గిపోతుంది, ఒళ్ళు అదేపనిగా నాక్కుని బొచ్చు ఊడగొట్టుకుంటుంది.

మనుషుల మధ్య ఉండటం దానికి పాత అలవాటు. థాయిలాండ్‌లో సహజంగా వచ్చిన జాతి ఇది, అక్కడ విచియన్ మాత్ అంటారు. తమ్రా మేవ్ అని పిల్లుల గురించి బొమ్మలు, పద్యాలతో పాత రాతప్రతులు ఉన్నాయి, ఏ పిల్లి ఇంటికి శుభం ఏది కాదు అని చెప్తాయి, అందులో శుభమైనవాటిలో ఇదొకటి. ఆ పద్యాలు అక్కడి పాత అయుత్థయ రాజ్యం నాటివని అంటారు (అయుత్థయ అనే పేరు మన అయోధ్య నుంచి వచ్చిందే, అది తెలిసినప్పటి నుంచి నాకు ఈ పిల్లి మీద ఇంకొంచెం ఇష్టం పెరిగింది). 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ పిల్లుల షోలో వీటిని చూసి జనం వింతగా చూశారు, తర్వాత 1884లో బ్యాంకాక్‌లో పనిచేసే బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధి (కాన్సుల్) ఎడ్వర్డ్ గౌల్డ్ తన చెల్లెలి కోసం ఒక జత తీసుకొచ్చాడు, ఇంగ్లండ్‌లో ఈ జాతికి అక్కడి నుంచి ఆదరణ పెరిగింది.

రంగు సంగతి తెలీక చాలామంది మోసపోయాం అనుకుంటారు. పుట్టినప్పుడు కూనలు తెల్లగానే ఉంటాయి. రంగు తయారుచేసే ఎంజైమ్ వీటిలో చల్లగా ఉన్న చోటే పనిచేస్తుంది, తల్లి కడుపులో వెచ్చగా ఉంటుంది కాబట్టి రంగు రాదు, పుట్టాక ఒంట్లో చల్లగా ఉండే చెవులు, మూతి, కాళ్ళు, తోక నల్లబడతాయి. అందుకే విజయవాడ ఎండలో పెరిగే పిల్లి కాస్త లేతగా, ఏసీ గదిలో పెరిగేది ముదురుగా కనిపించొచ్చు. ఆపరేషన్ కోసం బొచ్చు గీసిన చోట నల్లగా మొలిచినా కంగారుపడొద్దు, అది జబ్బు కాదు. కళ్ళు మాత్రం నీలంగానే ఉండాలి. కూనని తల్లి దగ్గర 12 వారాలైనా ఉంచాకే తెచ్చుకోండి, ఇప్పుడే తీసుకెళ్ళండి అని తొందరపెట్టేవాళ్ళ దగ్గర కొనకండి.

తిండి విషయంలో మన ఇళ్ళల్లో పెద్ద తప్పు పాలు, పెరుగన్నం. పిల్లికి మాంసం నుంచి టారిన్ అనే పోషకం అందాలి, అది లేకపోతే చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. మంచి క్యాట్ ఫుడ్ మెయిన్‌గా పెట్టి, పైన ఉప్పు కారం లేకుండా ఉడికించిన చికెన్ కొంచెం ఇవ్వొచ్చు, కూరలో ముక్క కడిగి పెడితే సరిపోదు, ఉల్లి వెల్లుల్లి సారం అందులో ఉంటుంది, అవి పిల్లికి విషం. జ్వరంగా ఉందని పారాసిటమాల్ ఇచ్చారో ప్రాణం పోతుంది, ఒక్క మాత్ర చాలు.

ఇంకోటి, ఈ జాతికి ఆస్తమా వచ్చే అవకాశం ఎక్కువ. మెడ ముందుకి చాచి కిందకి వంగి దగ్గుతుంటే బొచ్చు ఉండ కక్కుతోందిలే అని మనం వదిలేస్తాం, మా దాని విషయంలో నేనూ అలాగే ఒక నెల పోగొట్టాను. ఆ దగ్గుని ఫోన్‌లో వీడియో తీసి డాక్టర్‌కి చూపించండి, ఇంట్లో అగరబత్తి, సాంబ్రాణి, దోమల కాయిల్ పొగ దాని గదిలోకి రాకుండా చూడండి.

బ్రషింగ్ వారానికి ఒకసారి చాలు, బొచ్చు పొట్టిది. వ్యాక్సిన్లు డాక్టర్ చెప్పిన టైమ్‌కి. బాల్కనీకి గట్టి మెష్ తప్పనిసరి.

గొంతు గురించి ముందే తెలుసుకోండి, పసిపిల్ల ఏడ్చినట్టే ఉంటుంది, ఆడపిల్లి హీట్‌కి (జతకట్టే దశకి) వస్తే అపార్ట్‌మెంట్ అంతా వినిపిస్తుంది, ఈ జాతిలో అది తొందరగా వస్తుంది కూడా, కాబట్టి ఐదో నెలలోనే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ గురించి డాక్టర్‌తో మాట్లాడండి. మామూలు రోజుల్లో అరిచేది మాత్రం ఎక్కువగా మీతో మాట్లాడ్డానికే. కొత్తగా విపరీతంగా అరుస్తుంటే, లేదా మగపిల్లి లిట్టర్ బాక్స్‌లో (మలమూత్రాలకి పెట్టే డబ్బాలో) కూర్చుని మూత్రం రాక అవస్థపడుతుంటే రేపటిదాకా ఆగకుండా హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి. అలాంటివేమీ లేకపోతే, అది అరిచినప్పుడు ఉన్నచోటు నుంచే పేరు పెట్టి పిలిచి బదులివ్వండి, సాయంత్రం ఒక పావుగంట కాగితం ఉండ విసిరి ఆడించండి, చాలావాటికి తెచ్చి ఇవ్వడం తొందరగానే వచ్చేస్తుంది, ఆ తర్వాత మీరు ఎక్కడ కూర్చుంటే అక్కడికొచ్చి పడుకుంటుంది.