మూడు మిల్లీమీటర్ల అడుగు: పర్లాకిమిడిలో బ్రిటిష్ నమూనా రైలు నిర్మాణం

బ్రిటిష్ రైల్వేల పాత డ్రాయింగులలో కొలతలన్నీ అడుగులు, అంగుళాలలోనే ఉంటాయి. నేను 1:101.6 స్కేలును ఎంచుకోవడానికి ముఖ్య కారణం అదే. ఇందులో అసలు రైలులోని ఒక అడుగు మన బల్లపై సరిగ్గా 3 మిల్లీమీటర్లు, ఒక అంగుళం పావు మిల్లీమీటరు. మూడడుగుల ప్లాట్‌ఫారం ఎత్తు 9 మి.మీ. అనీ, అరవై అడుగుల పట్టా పొడవు 180 మి.మీ. అనీ కాగితం, కలం లేకుండానే చెప్పవచ్చు. ఎక్కువమంది చేసే ఓఓ స్కేలులో అడుగుకు 4 మి.మీ. వస్తాయి. బ్రిటిష్ ఎన్ స్కేలు 1:148. ఈ రెండింటి నడుమనున్న మన స్కేలులో ఎనిమిదడుగుల గోడ పక్కన, అసలు నేల మీద 800 అడుగులకు పైగా వచ్చే ఒక చిన్న పల్లె స్టేషను అమరిపోతుంది. వ్యాగను తలుపు గొళ్లెం కూడా చేతితో చేయగలిగినంత పెద్దదిగా ఉంటుంది.

ట్రయాంగ్ అనే బ్రిటిష్ బొమ్మ రైళ్ల సంస్థ 1957లో టీటీ అనే పేరుతో ఈ స్కేలు రైళ్లను మార్కెట్లోకి తెచ్చింది కానీ ఆ తయారీ ఎక్కువకాలం సాగలేదు. 1965లో ఏర్పడిన త్రీ మిల్లీమీటర్ సొసైటీ ఈ స్కేలును నిలబెట్టింది. చక్రాలు, పట్టాలు, కిట్లు సభ్యులకు అక్కడి నుంచే దొరుకుతాయి. కొనేటప్పుడు ఒక విషయంలో జాగ్రత్త అవసరం. 2022 నుంచి దుకాణాలలో కనిపిస్తున్న టీటీ:120 వేరే స్కేలు. దాని పట్టాల మధ్య దూరమూ 12 మి.మీ. కావడంతో రెండూ ఒకటేనని పొరబడే అవకాశముంది. అయితే మన స్కేలు వ్యాగను ఆ స్కేలు వ్యాగను కంటే దాదాపు 18 శాతం పెద్దది. రెండింటినీ ఒకే బండికి తగిలిస్తే తేడా వెంటనే కంటికి తెలుస్తుంది.

పట్టాల మధ్య దూరాన్ని మొదటే నిర్ణయించుకోవాలి, ఎందుకంటే చక్రాలు, ఇంజను చట్రం, స్లీపర్లు అన్నీ దాని మీదే ఆధారపడతాయి. బ్రిటన్ ప్రామాణిక గేజి 4 అడుగుల 8½ అంగుళాలు, అంటే మన లెక్కలో 14.1 మి.మీ.కి కాస్త పైన. పాత టీటీ 12 మి.మీ. పట్టా మీద నడిచింది. అది అసలులో నాలుగడుగులే కనుక, ముందు నుంచి చూస్తే బండి ఇరుకు దారిలో వెళ్తున్నట్టు కనిపిస్తుంది. నిక్కచ్చిగా చేయాలనుకునేవారు 14.2 మి.మీ. వాడతారు, కానీ అందులో చక్రం అంచులు సన్ననివి, మలుపులు విశాలమైనవి కావాలి, ఇంజను చట్రాన్ని స్వయంగా కట్టుకోవాలి. మొదటిసారి చేసేవారు 12 మి.మీ.తోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. పాత ఇంజన్లు అందులో నేరుగా నడుస్తాయి, చేయి కుదిరాక గేజి మార్చుకోవచ్చు.

మన ప్రాంతం వారికి నచ్చే మాట ఒకటి ఇక్కడ చెప్పాలి. ఈ స్కేలులో మన బ్రాడ్ గేజి 5 అడుగుల 6 అంగుళాలు సరిగ్గా 16.5 మి.మీ. అవుతుంది, అంటే అన్ని దుకాణాలలో దొరికే ఓఓ పట్టాయే. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి వేసిన రెండున్నర అడుగుల చిన్న రైలు మార్గం 7.5 మి.మీ. అవుతుంది. బ్రిటిష్ స్టేషను పూర్తయ్యాక ఆ రెంటిలో ఏదైనా ఇదే స్కేలులో, ఇవే పనిముట్లతో కట్టవచ్చు.

బల్లకు 12 మి.మీ. ప్లైవుడ్‌ను నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు ముక్కలుగా కోయించండి. రెండు ముక్కలు కలిపితే ఎనిమిదడుగులు. అడుగువైపు, అంచులు కూడా వదలకుండా రెండు పూతలు వార్నిష్ వేయాలి. ఇక్కడ ఆషాఢం వచ్చేసరికి గాలిలోని తేమ చెక్కలోకి దిగుతుంది, పై వైపు మాత్రమే పూత ఉంటే బల్ల వంగుతుంది.

పట్టా వేయడంలోనే ఈ పనికి అసలైన ఆనందం ఉంది. ఇంగ్లండులో గజానికి 95 పౌండ్ల బరువుండే బుల్‌హెడ్ (తల ఉబ్బెత్తుగా ఉండే పాతరకం) పట్టా ఎత్తు 5¾ అంగుళాలకు కాస్త తక్కువ కనుక, 1.4 మి.మీ. ఎత్తు నికెల్ సిల్వర్ (రాగి, నికెల్, జింకు మిశ్రమలోహం) పట్టా సరిపోతుంది. స్లీపర్ల కోసం రేడియో మరమ్మతు దుకాణాలలో దొరికే రాగిపూత సర్క్యూట్ బోర్డును 2.5 మి.మీ. వెడల్పు పట్టీలుగా కోయండి. అసలు స్లీపరు పొడవు ఎనిమిదిన్నర అడుగులు, అంటే 25.5 మి.మీ. అయితే 12 మి.మీ. పట్టా కింద ఆ పొడవు ఉంచితే ఇరుకుదనం ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. 24 మి.మీ. వద్ద కోస్తే కంటికి ఇంపుగా ఉంటుంది. అరవై అడుగుల పట్టాకు 24 స్లీపర్లు వేసే పద్ధతి ప్రకారం సగటు ఎడం 7.5 మి.మీ., అతుకుల దగ్గర కాస్త దగ్గరగా ఉండాలి.

ప్రతి స్లీపరు నడుమ రాగిని చిన్న ఆకురాయితో అడ్డంగా గీసి తెంపాలి, లేకపోతే రెండు పట్టాలూ షార్టవుతాయి. మా ఊళ్లో కొమ్ము బొమ్మలు చేసేవారు వాడేలాంటి సన్న త్రికోణపు ఆకురాయి దీనికి చక్కగా పనికివస్తుంది. రాగి ఎరుపు పోయి కింద బోర్డు రంగు బయటపడేవరకు నాలుగైదు సార్లు నడిపించండి. తరువాత పట్టా కిందివైపుకు, స్లీపరుకు ఫ్లక్స్ (టంకం బాగా అంటుకునేలా చేసే పూత) రాసి, గేజి కొలబద్ద బిగించి, బయటివైపు నుంచి సోల్డరింగ్ ఐరన్ కొన మీద చిటికెడు టంకం తీసుకుని తాకించాలి. టంకం రాగి మీద పల్చగా పాకి పట్టా కిందికి వెళ్లి మెరిస్తే అతుకు మంచిది. ముత్యంలా గుండ్రంగా నిలిస్తే వేడి చాలలేదన్నమాట. పది స్లీపర్లకొకసారి మల్టీమీటరుతో రెండు పట్టాల మధ్య కరెంటు పారడం లేదని పరీక్షించుకోండి. పని పూర్తయ్యాక ఫ్లక్స్‌ను గోరువెచ్చని నీటితో, పాత టూత్ బ్రష్‌తో కడిగివేయాలి. మిగిలిన ఫ్లక్స్ తేమ తగిలితే రాగిని తినేసి ఆకుపచ్చగా మారుతుంది.

నేను మొదటి పట్టాను పుష్యమాసంలో, అతుకుల దగ్గర ఖాళీ వదలకుండా వేశాను. వైశాఖానికి అది రెండు చోట్ల పక్కకు ఉబ్బింది. ఇరవై డిగ్రీల వేడి పెరిగితే నికెల్ సిల్వర్ మీటరుకు దాదాపు మూడోవంతు మిల్లీమీటరు సాగుతుంది. అందువల్ల చలికాలంలో వేసేవారు ప్రతి అతుకు దగ్గరా దళసరి కాగితమంత ఖాళీ వదలాలి. కరెంటును పట్టా చివరల మీదుగా కాక, ప్రతి ముక్కకూ విడిగా తీగ ఇచ్చి అందించాలి.

ఇంజనుకంటే ముందు ఒక బొగ్గు వ్యాగను చేయాలని నా గట్టి సలహా. 1923 ప్రామాణిక ఏడు పలకల వ్యాగను పొడవు 16 అడుగుల 6 అంగుళాలు, ఇరుసుల మధ్య దూరం 9 అడుగులు. మనకు 49.5 మి.మీ., 27 మి.మీ. వస్తాయి. భవన నమూనాలు చేసేవారు వాడే తెల్లని స్టైరీన్ (ఒక ప్లాస్టిక్) రేకును అర మిల్లీమీటరు మందంలో తీసుకుని, పలకల గీతలను కత్తి వీపుతో లోతు లేకుండా గీయండి. కత్తి పదునుతో గీస్తే గీత సన్నమైపోయి, రంగు వేశాక కనిపించదు. నాలుగు గోడలను అతికించాక ఒక ఇరుసును స్థిరంగా, రెండోదాన్ని నడుమ ఒక తీగ మీద అటూ ఇటూ ఊగేలా అమర్చాలి. అప్పుడు పట్టా సమంగా లేకపోయినా నాలుగు చక్రాలూ నేలను వదలవు.

బరువు కోసం గాలాలకు కట్టే సీసపు ముక్కలను అడుగున పెట్టండి. వాటిని తెల్ల ఫెవికాల్‌తో మాత్రం అతికించవద్దు. కొన్నేళ్లకు సీసం దానితో కలిసి ఉబ్బి వ్యాగను గోడలను పగలగొడుతుంది. ఆరల్డైట్‌తో అతికించి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

రంగు వేయక ముందే వ్యాగనును మీటరు పట్టా మీద పెట్టి, ఒక చివర కింద 2 సెం.మీ. మందం పుస్తకం ఉంచి వదలండి. అది మధ్యలో ఆగితే ఇరుసు కొన, అది తిరిగే చిన్న గిన్నెలో (బేరింగులో) బిగుసుకున్నదని అర్థం. ఇరుసును పట్టే పక్క రేకును వెంట్రుకవాసి బయటికి వంచి, మళ్లీ వదిలి చూడండి.